బాపుకు పని రాదట

మా బాపు పాసుపోర్టును నేను మొట్టమొదట చేతులకు తీసుకున్నది 2000 ఎండకాలంల. అప్పుడు నాకు పదకొండేండ్లు. బాపు దుబాయి నుంచి రెండోసారి సుట్టి మీద వచ్చిండు. జగిత్యాల కాడి మా ఊళ్లె మాదిగవాడ వాడంత మా ఇంటి ముందట కూసున్నది. ఎవలకు జండుబామ్ సీస, ఎవలకు సబ్బుబిళ్ల, అవ్వకు మెరిసేటి చీర. పంచుడు అయిపోయినంక బాపు అంగి లోపటి జేబుల నుంచి ముదురు నీలం అట్ట పుస్తకం తీసి "ఇంగ్లీషు చదువుతున్నవట గదరా, ఇందుల ఏం రాసిండ్రో చెప్పు" అన్నడు.

ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట చదివిన. బాపు పేరు, తాత పేరు చదివిన. ఊరి పేరు తప్పు రాసిండ్రని చెప్పిన. ఒక పేజీల ముద్ర ఉన్నది. ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్. చదివిన గని అర్థం తెల్వలె. ఇంకో పేజీల వీసా. ఏం పనో రాసే కాడ 'లేబర్' అని ఉన్నది. అది తెలుసు. "కూలి అని రాసిండ్రు బాపూ" అన్న. బాపు నవ్వి పుస్తకం మళ్ల జేబుల పెట్టుకున్నడు.

ముద్రకు అర్థం బడి తెరిచినంక సారు చెప్పిండు. చదువులేనోడు గల్ఫ్ అసొంటి దేశాలకు పనికి పోవాల్నంటే ముందుగాల సర్కారు అనుమతి తీసుకోవాలె, పెద్ద చదువు చదివినోనికి ఆ అనుమతి అక్కరలేదు అని. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద వచ్చిన పద్ధతి అది. చదువురానోళ్లు మోసపోకుండ కాపాడటానికి పెట్టిందే. కాని కాపాడే ముద్రకు కూడ ఏజెంటు వేరే పైసలు తీసుకున్నడు. నాకు ఈ సంగతి తెలిసేసరికి బాపు మళ్ల దుబాయి పోయి నెల దాటింది. ఉత్తరంల రాద్దామనుకున్న. "నీకు చదువు రాదని సర్కారు ముద్ర కొట్టింది" అని ఎట్ల రాసుడు? రాయలె.

బాపు అక్కడ చేసింది కూలిపని కాదు. ఇనుము పని. పిల్లర్లకు, బీములకు, స్లాబులకు సలాకలు వంచి, జాలి అల్లి, తీగతోని కట్టుడు. ఇంజనీరు గీసిన కాయితం మీద అక్షరం రాదు, గని గీతలు చూస్తె ఎక్కడ 12 ఎంఎం పడాలె, ఎక్కడ 16 ఎంఎం పడాలె, రెండు సలాకల నడుమ ఎంత జాగ ఉండాలె అన్నది చెప్పేటోడు. నక్ష మారితే మలయాళీ ఫోర్‌మన్ ముందుగాల బాపునే పిలిచేటోడట. ఆ పనికి స్టీల్ ఫిక్సర్ అని పేరుంది, దానికి వేరే జీతముంది. బాపు వీసా మీద మాత్రం లేబర్. జీతం లేబర్ జీతం. పదకొండేండ్లు ఒకటే కంపెనీల అట్ల చేసిండు.

మా తాత కథ ఇంకొకటి. తాత మోట బొక్కెనలు కుట్టేటోడు. కాపోళ్ల బాయిలల్ల ఎద్దులు గుంజే తోలు బొక్కెన పగిలితే ఆ పూట పొలం ఎండేది. తాత పోతెనే నీళ్లు. తోలును సున్నంల వేసి, తంగెడు చెక్కల నానబెట్టి, ఎన్ని దినాలకు ఎంత మెత్తబడుతదో వాసన చూసి చెప్పేటోడు. (తెలంగాణ వచ్చినంక తంగేడు పువ్వును రాష్ట్ర పువ్వు చేసిండ్రు. సంతోషమే. ఆ తంగెడు చెక్క రసంల చేతులు నల్లబడ్డోళ్లను మాత్రం ఎవలు యాది చేసుకోలె.) ఇంత పని చేసినందుకు కల్లం కాడ ఇన్ని గింజలు, పైన "దూరం నిలవడురా" అనే మాట. తర్వాత కరెంటు మోటర్లు వచ్చినయి. తాత పని పోయింది. అది పని కిందనే ఎవలు లెక్కపెట్టలేదు గనుక పోయిందని కూడ ఎవలకు తెల్వలె.

బాపు పిల్లగాడిగ ఉన్నప్పుడు పటేలు ఇంట్ల జీతం ఉన్నడు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగిననాడు ఎడ్లను చెట్టుకు కట్టేసి ఆ గుంపుల కలిసి పోయిండట. వెట్టి కూలింది, నిజమే. దాని వెనుకనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. పోలీసు క్యాంపులు పడ్డయి. వాడల పడుచు పిల్లగాండ్లంత ఎటోళ్లు అటు పోయిండ్రు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా దిక్కు ఊరికే అనరు. బాపు బొంబాయిల ఇనుము పని నేర్చుకోని 1993ల దుబాయి పోయిండు. ఏజెంటుకు 35 వేలు. నూటికి మూడు రూపాయల మిత్తి. సర్కారు తాతకిచ్చిన ముప్పై గుంటల లావుణి పట్టా కాయితం షావుకారు పెట్టెలకు పోయింది. అసలు, మిత్తి తీరేసరికి నేను ఆరో తరగతికి వచ్చిన.

ఇప్పుడు నా సంగతి. నేను సర్కారు బడిల పీఈటీని. నన్ను ఈ నౌకరి దాక తెచ్చింది కబడ్డీ.

కబడ్డీ ముట్టుడు ఆట. ముట్టుకుంటెనే పాయింటు. మా బడిల ఏడో తరగతిల నేను రైడుకు పోయేది. కాపోళ్ల పిల్లగాండ్లు నన్ను పట్టేటోళ్లు కాదు, పక్కకు జరిగేటోళ్లు. సరే, నేనే పోయి తాకేది. తాకితె "తాకలె" అనేటోళ్లు. ఎందుకంటే తాకిండని ఒప్పుకుంటె అవుటయి బయటికి పోవాలె, ఇంటికి పోయినంక తానం కూడ చెయ్యాలె. ఇద్దరిని తాకి వచ్చినా నా లెక్క సున్నా. నెలరోజులు అట్లనే ఆడిన. నాకు ఆట రాదనే అనుకున్న.

మాకు కొత్తగ ఒక పీఈటీ సారు వచ్చిండు. ముస్లిం. ఆయన రెండు దినాలు గోడకు ఆనుకోని చూసిండు. మూడోనాడు సీటీ కొట్టి నన్ను అటువైపు నిలవెట్టిండు, పట్టేటోళ్లల్ల. పటేలు మనుమడిని రైడుకు రమ్మన్నడు. వాడు గీత దాటి వచ్చిండు. నేను వాని చీలమండ పట్టిన. వాడు గుంజుకుంటున్నడు, కూత ఆగిపోతున్నది, నేను ఇడుస్తలేను. కూత ఆగినంక కూడ ఇడువలె. సారే వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటి ఇడిపించిండు.

ఆ రాత్రి తాతకు పటేలు ఇంటి నుంచి కబురొచ్చింది. తాత పోయి వాకిట్ల చేతులు కట్టుకోని నిలవడి వచ్చిండు. నన్ను కొట్టలె, తిట్టలె. "ఎందుకురా మనకు" అన్నడు, అంతే. తెల్లారి పీఈటీ సారు సైకిలు మీద పటేలు ఇంటికి పోయిండు. ఏం మాట్లాడిండో నాకు ఇప్పటికీ తెల్వది. ఆ దినం నుంచి నేను లెఫ్ట్ కార్నర్. తాకితె తాకినట్టే లెక్క.

కరీంనగర్ల డిగ్రీ చదివేటప్పుడు ఎస్సీ హాస్టల్ల ఉండి, పొద్దుమూకి అంబేద్కర్ స్టేడియంల ఆడేది. ఫస్టియర్ల ఉండంగనే, 2007ల, బాపు వచ్చిండు. అప్పటికి ఆయన కంపెనీ ఇడిచి మూడేండ్లు. జీతాలు ఆపితే బయటికి వచ్చి చాటుంగ పని చేసిండు. ఖల్లివెల్లి అంటరు అసొంటోళ్లను. ఆ ఏడు దుబాయి సర్కారు క్షమాభిక్ష పెడితే ఔట్‌పాస్ తీసుకోని వచ్చిండు. పాసుపోర్టు కంపెనీ బీరువాలనే ఉండిపోయింది. బేగంపేటల దిగిన మా బాపు చేతుల ఒక సంచి, ఒక కాయితం. పద్నాలుగేండ్లకు అది. ఇనుము పని చేసిన వేళ్లు రెండు పూర్తిగ ముడుసుకోవు.

బీపీఈడీ చేసినంక ఎనిమిదేండ్లు ప్రైవేటు బడులల్ల ఉన్న. మొదటి జీతం మూడు వేలు. డ్రిల్లు చేయించుడు, బస్సుల పిల్లల్ని లెక్కపెట్టుడు, ఫీజు కట్టనోళ్ల పేర్లు మైకుల చదువుడు. ఆఖరిది చేసినందుకు నాకు ఇప్పటికి సిగ్గయితది. 2017 అక్టోబర్ల టీఆర్టీ పడ్డది. మొత్తం 8,792 పోస్టులు, అందుల పీఈటీలు 416. పరీక్ష, కోర్టు, వాయిదాలు దాటుకోని 2019ల చేరిన. ఆసిఫాబాద్ జిల్లాల అడివి అంచున ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. మా వంశంల మొదటి డిగ్రీ, మొదటి సర్కారు నౌకరి.

అక్కడ బడికి గ్రౌండు ఉన్నది గని అంత మొరం. మొదటి నెల నేను, పిల్లలు రాళ్లే ఏరినం. ఆడపిల్లల కోర్టు 12 మీటర్లు పొడుగు, 8 మీటర్లు వెడల్పు. సున్నానికి పైసల్లేకుంటె వంటల బూడిదతోని గీతలు పోసినం. గోండు పిల్లలు, కోలాం పిల్లలు, నేతకాని, మాల, మాదిగ పిల్లలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. మోకాళ్లు పగుల్తయి, మొరం లోపటికి పోతది, మళ్ల వస్తరు. మూడేండ్లల జిల్లా దాటినం, జోన్ దాటినం, ఒక పిల్ల రాష్ట్ర జట్టు సెలెక్షన్ దాక పోయింది. ఇది గొప్ప చెప్పుకునుడు కాదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి మా పక్క వరంగల్ జిల్లా పిల్ల. ఆమె పరుగును మొదట గుర్తుపట్టింది బడిల పీఈటీ సారే. పెద్ద కోచ్‌లు తర్వాత వస్తరు. మొదటి కండ్లు పల్లె బడి పీఈటీవే అయితయి, చానసార్లు.

ఇగ 2023ల ఒక ఫోను వచ్చింది. డిగ్రీల నాతోటి ఆడిన దోస్తు. పెద్దకులపోడు. మెల్‌బోర్న్‌ల సాఫ్ట్‌వేర్ నౌకరి. "అరే, ఆస్ట్రేలియా స్కిల్డ్ లిస్టుల స్పోర్ట్స్ కోచ్ అని ఉన్నదిరా. నువ్వు ఎందుకు పెట్టవు?" అన్నడు. ఫోను పెట్టేసినంక నేను చానసేపు మా బాపు వీసా గురించే ఆలోచించిన. స్కిల్డ్ అంట. మా ఇంట్ల ఆ మాట ఎవలకు ఎవలు వాడలె.

ఎందుకు పోవాల్ననుకున్నవ్ అని అడిగితే ఒక్క కారణం చెప్పలేను. ఇద్దరు పిల్లల చదువు ఒకటి. బాపు అప్పు తీర్చిన దేశం ఎట్లుంటదో చూడాల్నని ఇంకొకటి, అది దుబాయి కాదు గని. అన్నిటికంటె పెద్దది, ఒక్కసారి నన్ను నా పనితోని తూకం వెయ్యాలె, రోస్టర్ పాయింటుతోని కాదు అన్న మంకుపట్టు. రిజర్వేషన్ నా హక్కు. దానికి నేను తలొంచను. కాని స్టాఫ్‌రూముల ఏండ్ల నుంచి ఒకటే ఎత్తిపొడుపు వింటుంటె మనిషికి ఎక్కడనో కాలుతది.

లెక్కలు చూసిన. కనీసం 65 పాయింట్లు రావాలె. వయసు 33 నుంచి 39 నడుమ ఉంటె 25. డిగ్రీకి 15. అయిదేండ్ల పని అనుభవానికి 10. ఇంగ్లీషు పరీక్షల నాలుగిట్ల ఏడు చొప్పున వస్తె 10, ఆరే వస్తె సున్నా. నేను ఐఈఎల్‌టీఎస్ రెండుసార్లు రాసిన. ఒక్కసారికి 15 వేల పైన. తెలుగు మీడియపోణ్ణి. మొదటిసారి మాట్లాడే పరీక్షల ఆమె "మీ చిన్ననాటి ఇల్లు వర్ణించండి" అన్నది. వాడను ఇంగ్లీషుల ఏమంటరు? వీధి అంటె వీధి కాదు, కాలనీ అంటె కాలనీ కాదు. ఆ మాటకాడనే ఆగిపోయిన. 5.5. రెండోసారి 6.5 దాటలె. అంటె నా మొత్తం 50. ఏదన్న రాష్ట్రం పల్లెప్రాంతాల వీసాకు పిలిస్తె 15 కలుస్తయి. సరిగ్గ 65. ఆ వీసా మీద సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ ఇడిచి బయట మూడేండ్లు ఉంటెనే పక్కా కాయితాలు ఇస్తరు. నవ్వొచ్చింది. మన ఏజెన్సీ డ్యూటీ అక్కడ కూడ ఉన్నది.

ఇంకొకటి తెలిసింది. నా భార్య ఇంటర్ దాక చదివింది, అదీ తెలుగు మీడియంల. ఆమెకు పని నడిచేటంత ఇంగ్లీషు ఉన్నదని చూపలేకపోతే వీసా రుసుముకు తోడు మరో నాలుగు వేల ఎనిమిదొందల డాలర్ల పైన కట్టాలె. బాపు ముద్ర గుర్తొచ్చింది. రంగు మారింది, ధర పెరిగింది.

అన్నిటికి ముందు పనితనం పరీక్ష. మెల్‌బోర్న్‌ల వెటసెస్ అనే సంస్థ కాయితాలు చూసి నువ్వు కోచ్‌వా కాదా అని తేలుస్తది. ఫీజు వెయ్యి డాలర్ల పైన, మన రూపాయలల్ల అర్ధలక్ష దాటింది. పై ఆఫీసరు లెటర్‌హెడ్ మీద రాసియ్యాలె, ఏ తారీఖు నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఏమేం పనులు అని. కూసోని నా పనులు రాసుకున్న. ప్రార్థన గంట. మధ్యాహ్న భోజనం లైను. పరీక్షల ఇన్విజిలేషన్. ఓటర్ల లిస్టు. మొక్కలు నాటుడు. జెండా వందనం. ఇందుల కోచింగ్ ఎక్కడున్నది? పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆరు దినాలు, 24 గంటలు. అవి ఏ రిజిస్టర్ల లేవు. బడి టైము తొమ్మిదిన్నరకు మొదలయ్యేది గనుక అంతకుముందు నేను చేసింది పనే కాదు. తాత బొక్కెనల లెక్కనే.

సంతకం కోసం ఒక ఆఫీసుకు తిరిగిన. అక్కడ టేబులు ముందటి మనిషి కాయితం చదివి "కోచా? నువ్వు పీఈటీవే గదా" అన్నడు. తర్వాత మెల్లగ, "మీ వాళ్లకు పిలిచి నౌకర్లు ఇస్తె అవి కూడ ఇడిచి ఉరుకుతరా" అన్నడు. పక్క టేబులాయన కొడుకు అమెరికాల ఉన్నడు. ఆయన పోతె ఎదుగుడు, నేను పోతె ఉరుకుడు. ఏడుసార్లు పోయిన. చివరికి మా హెడ్మాస్టరే పూనుకోని, తాను కండ్లార చూసిన గంటలు తానే రాసి సంతకం పెట్టిండు. రుజువులుగ నేను జోడించినవి ఎస్‌జీఎఫ్ పోటీలల్ల నా మెడల వేసుకున్న కార్డులు. అట్ట ముక్కలు. వాటి మీద నా ఫోటో, కింద 'కోచ్' అని. అవి నా భార్య బియ్యం డబ్బాల దాచింది. లేకుంటె నేను కోచ్‌నని నాక్కూడ రుజువు ఉండకపోవు.

ఆటల పనితనానికి దేశం దాటిన మనవాళ్లు లేరా అని వెతికిన. పల్వంకర్ బాలూ దొరికిండు. చమార్ కులపోడు. పూనాల ఇంగ్లీషోళ్ల క్లబ్బుల పిచ్చి చదును చేసే పనివాడిగ ఉండుకుంట వాళ్లకు బంతులేసి బౌలరైండు. 1911ల భారత జట్టుతోని ఇంగ్లండ్ పోయి వందకు పైగ వికెట్లు తీసిండు. ఊళ్లె ఆడేటప్పుడు హిందువుల జట్టుల ఆయన బంతి కావాలె, గని చాయ మాత్రం పెవిలియన్ బయట మట్టి కప్పుల పోసిండ్రు. తోలు బంతి అది. తోలు పనిచేసే కులపోని చేతుల నుంచి పోతె ఇంగ్లీషోని వికెట్టు పడుతది, అదే చేతికి కప్పు ఇయ్యరు. కెప్టెన్సీ ఆయనకు ఎన్నడు ఇయ్యలె. ఇది నాకు బీపీఈడీల చెప్పలె. క్రికెట్ పిచ్ పొడుగు 22 గజాలని మాత్రం బట్టీ పట్టించిండ్రు.

కబడ్డీకి ఇంత దూరం ఎవలు పిలుస్తరన్న అనుమానం కూడ ఉండె. 2018 జకార్తా ఆసియా క్రీడలల్ల మన ఆడపిల్లల జట్టును 27-24తోని ఓడించి ఇరాన్ బంగారం తీసుకపోయింది. ఇరాన్ పిల్లలకు కోచ్ నాసిక్‌కు చెందిన శైలజా జైన్. ఆ మ్యాచ్ వీడియో నా పిల్లలకు ఎన్నిసార్లు చూపించిన్నో. మన జట్టు ఓడిందని వాళ్లు ఏడ్చిండ్రు. నేను బెంచీ మీద కూసున్న ఆమెనే చూసిన. ఆస్ట్రేలియా కూడ 2016 అహ్మదాబాద్ కబడ్డీ ప్రపంచకప్పుకు జట్టును పంపింది. గంత పెద్ద దేశంల కార్నర్ పట్టు చెప్పేటోడు ఒకడు పనికి రాడా?

మళ్ల దోస్తు ఫోను. మంచోడే వాడు, చెప్పకపోతె తప్పు. "వచ్చినంక మొదటి నెల మా తెలుగోళ్ల రూముల సర్దుత. ఒక్కటే, ఇంటిపేరు మాత్రం చెప్పకు. నాకేం లేదురా, వాళ్లు ఎట్లనో ఉంటరు" అన్నడు. పాసుపోర్టు మీద ఇంటిపేరు వేరే గడిల పెద్ద అక్షరాలతోని ఉంటది. ఏం దాచాలె? బాబాసాహెబ్ న్యూయార్కు, లండన్‌ల చదివొచ్చి బరోడాల కొలువుకు పోతె ఉండటానికి గది దొరకలె. పార్శీ పేరు పెట్టుకోని సత్రంల ఉంటె కర్రలు పట్టుకోని వచ్చి ఎల్లగొట్టిండ్రు. ఆ సంగతులు రాసుకున్న చిన్న పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సొంత దేశంల వీసా కోసం చూసినోడు ఆయన. వంద ఏండ్లు దాటినంక మెల్‌బోర్న్‌ల గది కోసం నేను కూడ పేరు మింగాల్నట. 2023 ఫిబ్రవరిల అమెరికాల సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తు చట్టం చేసిందంటె ఊరికే చేసిందా? మనవాళ్లు సూట్‌కేసుల ఊరగాయ సీసలతోటి ఏం తీసుకపోయిండ్రో ఆ నగరానికి తెలిసింది గనుక చేసింది.

"నేను గదే తీసుకోనులేరా" అన్న. వాడు కొంచెంసేపు ఏం మాట్లాడలె. తర్వాత, "మా ఇంట్లనే ఉండు" అన్నడు. వాని భార్యను అడిగి అన్నడో, అడగకుంట అన్నడో.

2024 ఆఖరుల కాయితం వచ్చింది. ఆనుకూలం. నా చదువు, నా పని, చెప్పిన వృత్తికి సరిపోతయని రాసిండ్రు. సంక్రాంతికి ఊరికి పోయి బాపుకు చూపించిన. బాపు కండ్లద్దాలు పెట్టుకోని, చదువు రాకున్నా, కాయితం పైనుంచి కింది దాక చూసిండు. నక్ష చూసినట్టు.

"ఏం రాసిండ్రు?"

"స్కిల్డ్ అని, బాపూ. పని వచ్చినోడని."

"కూత పెట్టుకుంట ఉరికే పనికా?"

"దాన్ని నేర్పుడు పనికి."

బాపు కాయితం మడిచి ఇచ్చిండు. కొంతసేపు అయినంక, "నా దాంట్ల లేబర్ అని ఉండె గదా. అంటె నాకు పని రాదనా?" అన్నడు.

పదకొండేండ్ల వయసుల రాయని ఉత్తరం ఆయన ఇన్నేండ్లు చదువుకుంటనే ఉన్నడన్నట్టు. అప్పుడు నవ్విండు గనుక అర్థం కాలేదనుకున్న. నేను చట్టం గురించి చెప్పబోయిన, కంపెనీలు జీతం తక్కువ ఇయ్యటానికి అట్ల రాయిస్తయని చెప్పబోయిన. "నాకెరికే" అన్నడు. "బుర్జు పక్కపొంటి బిల్డింగులు ఎన్ని నా చేతుల మీద లేసినయో ఎరికే. నువ్వు చదివినవని అడిగిన."

ఇది సంఘం మిత్రులకు చెప్తె రెండు తీర్ల మాట్లాడిండ్రు. ఒకాయన, మా సీనియర్, 1956ల ఆగ్రాల బాబాసాహెబ్ చదువుకున్నోళ్ల గురించి పడ్డ బాధ యాదికి తెచ్చి "నువ్వు పోతె ఆ పిల్లలకు ఎవలు?" అన్నడు. నాకు జవాబు లేదు. నా జాగల కొత్త పీఈటీ రావటానికి ఎన్నేండ్లు పడుతదో ఆయనకూ ఎరికే, నాకూ ఎరికే. ఇంకో తమ్ముడు, పీహెచ్‌డీ చేస్తున్నడు, "రెడ్డి పిల్లగాడు పోయేటప్పుడు ఎవలన్న గీ ప్రశ్న అడుగుతరా అన్నా? బాకీ అంత మనమీదనేనా?" అన్నడు. ఇద్దరి మాట నిజమే. నడుమ నేను పడి ఉన్న.

బడిల పిల్లలకు ఎట్లనో తెలిసింది. ఎవలు అడగలె. తొమ్మిదో తరగతి కోలాం పిల్ల, మా రైట్ కార్నర్, ఒకనాడు ప్రాక్టీసు అయినంక షూస్ చేతుల పట్టుకోని నిలవడ్డది. "సార్, కోచ్ కావాల్నంటె పది పాసైతె సాల్తదా, ఇంకా సదవాల్నా?" అన్నది. డిగ్రీ, తర్వాత బీపీఈడీ అని చెప్పిన. వేళ్ల మీద ఏండ్లు లెక్కపెట్టుకున్నది. "ఎనిమిదేండ్లు" అన్నది. గంత దూరం ఎవలు తీసుకపోతరని అడగలె. ఎన్నేండ్లన్నదే అడిగింది.

నా పేరు ఇప్పుడు ఆ దేశపు కంప్యూటర్ల ఉన్నది. ఏదన్న రాష్ట్రం పిలవాలె. పిలిస్తె అరవై దినాలల్ల వీసాకు దరఖాస్తు పెట్టాలె, పైసలు కట్టాలె. పిలవకపోతె 39 దాటినంక వయసు పాయింట్లు 15కు పడిపోతయి. వచ్చే ఉత్తరం ఏదైనా నేను నిన్నటోలె ఉండను, అది మాత్రం తెలుసు.

పోయిన నెల బాపు మా కాడికి వచ్చి పదిహేను దినాలున్నడు. బడి చూస్తనంటె తీసుకపోయిన. గ్రౌండు పక్కన పాత సలాకలు కొన్ని పడి ఉన్నయి, ప్రహరీ కట్టినప్పుడు మిగిలినయి. బాపు వాటిని కాలుతోని దొర్లించి చూసిండు. "12 ఎంఎం" అన్నడు. పిల్లలు వేళ్లాడటానికి బార్ లేదా అని అడిగిండు. లేదన్న. మరునాడు పొద్దున నేను లేచేసరికి మంచంల లేడు. గ్రౌండుకు పోతె రెండు గుంతలు తీసి ఉన్నయి. సలాకలు మూడు మూడు కలిపి తీగతోని బిగిస్తున్నడు. ముడుసుకోని రెండు వేళ్లను పక్కకు పెట్టి, మిగిలిన వేళ్లతోనే మెలిక తిప్పుతున్నడు. మా కార్నర్ పిల్ల ఒక కొస పట్టుకోని ఉన్నది.

"గట్టిగ పట్టు బిడ్డా, కదిలితె గ్యాపు మారుతది" అంటున్నడు.

హెడ్మాస్టరు వచ్చి చూసి "ఈ మేస్త్రి ఎక్కడివాడు సార్? మంచి పనోడు. మన బాత్రూముల స్లాబుకు కూడ మాట్లాడుదామా?" అని నన్ను అడిగిండు.

మా బాపని చెప్పిన. ఎంత తీసుకుంటడో ఆయన్నే అడగమన్న.